తాతగారి నోటు పుస్తకం దాచుకోండి, అటక మీది డబ్బా తెరవకండి

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా తుని దగ్గర కొండ వాలున ఉన్న పల్లె. మూడెకరాల కొబ్బరి, రెండెకరాల మామిడి, గట్ల మీద తాళ్లు, మెట్టలో వేరుశనగ ఉన్నాయి. ఈ మధ్య పాత ఇల్లు విప్పుతుంటే మా తాతగారు 1916 నుంచి 1924 వరకు రాసుకున్న నోటు పుస్తకం దొరికింది. ఆ రోజుల్లో ఊళ్లకు వచ్చే వ్యవసాయ శాఖ వారిని అడిగి రాసుకున్నారని మా నాన్నగారు అనేవారు. తాటిచెట్టు మొవ్వు కుళ్లితే తల నరికి కాల్చాలని, మైలుతుత్తం సున్నం ఇనుప బానలో కలిపి చల్లాలని, మామిడి పూత మీద సబ్బు కిరసనాయిలు కొట్టాలని, కొబ్బరిలో కొమ్ము పురుగును కొక్కెంతో లాగాలని ఉంది. చేను చుట్టూ నాగజెముడు కంచె వేయాలని, తోటకు వచ్చే పక్షులను కాల్చి దండెకు వేలాడదీయాలని, అడవి పందులకు తవుడులో పాషాణం కలిపి పెట్టాలని కూడా రాశారు. అటక మీద తుప్పు పట్టిన రేకు డబ్బాలో తెల్లటి పొడి ఉంది. ఇప్పుడు మా తోటలో రెండు కొబ్బరి చెట్లకు మొవ్వాకు వాడిపోయింది. వేరుశనగ విత్తబోతున్నాం, పందుల బెడద ఎక్కువ. ఈ పాత పద్ధతుల్లో ఏవి పాటించవచ్చు? ఆ పొడి పనికొస్తుందా?

జవాబు: నమస్కారం. మీ ఉత్తరంలో చివర అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది పంటకు కాదు, మనుషుల ప్రాణాలకు సంబంధించినది.

ఆ డబ్బా తెరవకండి. అందులో ఉన్నది ఏమిటో ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప ఖాయంగా చెప్పలేం. కానీ నోటు పుస్తకంలో పాషాణం అని ఉంది, డబ్బాలో తెల్ల పొడి ఉంది. పల్లెల్లో శంఖపాషాణం అని పిలిచేది ఆర్సెనిక్ తెల్ల పొడినే. అదే అనుకుని జాగ్రత్త పడాలి. వందేళ్లయింది కదా, దాని శక్తి పోయి ఉంటుందని అనుకోవద్దు. ఈనాటి చాలా మందులు ఎండకు, వానకు, మట్టిలోని సూక్ష్మజీవులకు ఎప్పటికో ఒకప్పుడు విరిగిపోతాయి. ఆర్సెనిక్ మూలకం, విరిగిపోవడానికి అందులో ఏమీ ఉండదు. మీ తాతగారు కొన్న రోజున ఎంత విషమో ఈ రోజూ అంతే విషం. రుచి, వాసన దాదాపు ఉండవు కాబట్టి పిండి అనుకునో, ఉప్పు అనుకునో పొరపాటు పడటానికి ఎక్కువ వీలు ఉంటుంది.

చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, డబ్బాను కుదపకుండా నిదానంగా మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి, మూత బిగించి, పైన పెద్ద అక్షరాలతో విషం అని రాయండి. పిల్లలకు, పశువులకు అందని చోట తాళం వేసి, మీ మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. కాలువలో పారబోయవద్దు, నూతి దగ్గర పూడ్చవద్దు, కాల్చవద్దు. కాలిస్తే ఆ పొగే విషం. అటక మీద దాని పక్కన ఉన్న గంప, చేట, కుండ ఏవీ వంటకూ దాణాకూ వాడకండి. పొరపాటున ఎవరి నోట్లోకైనా వెళ్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, పాషాణం అనే అనుమానాన్ని డాక్టరుతో చెప్పండి.

దీని గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. ఆ కాలంలో ప్రపంచమంతా ఆర్సెనిక్‌ను నమ్ముకుంది. అమెరికాలో 1892లో మసాచుసెట్స్ రాష్ట్రంలో చెట్ల ఆకులు తినే పురుగు మీద లెడ్ ఆర్సెనేట్ చల్లడం మొదలుపెట్టారు. తర్వాత ఆపిల్ తోటల్లో కాయతొలుచు పురుగు మీద దశాబ్దాల పాటు అదే ప్రధాన మందు. అక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1988లో. తోటలు కొట్టేసి ఇళ్లు కట్టుకున్న చోట్ల కూడా పై మట్టిలో సీసం, ఆర్సెనిక్ ఇప్పటికీ ఉన్నాయి. మన దేశంలోనూ పారిస్ గ్రీన్ అనే రాగి ఆర్సెనిక్ మందు నిషిద్ధ జాబితాలో ఉంది. ఆ పొడి మీ చేనులో ఒక్క పిడికెడు కూడా పడకూడదు.

ఇక నోటు పుస్తకం. దాన్ని చులకనగా చూడకండి. మన ప్రాంతంలో శాస్త్రీయ వ్యవసాయం వేళ్లూనుకున్న కాలం అది. గోదావరి డెల్టాలో చెరకుకు ఎర్రకుళ్లు వచ్చి తోటలు పోతుంటే 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. బీహార్‌లోని పూసాలో 1905లో పరిశోధన సంస్థ వెలిసింది, 1906లో కోయంబత్తూరులో వ్యవసాయ కళాశాల వచ్చింది. అక్కడ తెలిసిన సంగతులు ఊళ్లలోకి నడిచి వచ్చి మీ తాతగారి చేతి రాతలోకి చేరాయి.

అందులో తాటిచెట్టు మాట అక్షరాలా నిజం. ఆ రోజుల్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో మొవ్వు కుళ్లి తాళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయేవి. పూసాలో పనిచేసిన ఎడ్విన్ బట్లర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త గోదావరి జిల్లా చెట్లను పరిశీలించి, 1907లో ఆ తెగులు కారకమైన, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవికి పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని ఫైటోఫ్తోరా పామివోరా అంటున్నాం. ప్రపంచంలో ఎక్కడ ఈ పేరు పలికినా దాని మొదటి కథ మన తాటితోపుల్లోదే. కొబ్బరి కింద కోకో వేసుకున్నవారికి వానాకాలంలో వచ్చే కాయ కుళ్లు తెగులుకూ ఇదే మూలం. చచ్చిన చెట్టు తల నరికి అక్కడికక్కడే కాల్చడం అప్పట్లో ప్రభుత్వం ఊరూరా చేయించిన పని. ఇప్పటికీ అంతకన్నా మంచి ఉపాయం లేదు, ఎందుకంటే కుళ్లిన మొవ్వు నుంచే వాన జల్లుతో, గాలితో బీజాలు పక్క చెట్టుకు పోతాయి.

మీ రెండు కొబ్బరి చెట్లకు వచ్చింది ఇదేనా అన్నది చెట్టెక్కి చూడాలి. వాడిన మొవ్వాకును పట్టుకుని మెల్లగా లాగమనండి. సులువుగా ఊడి వచ్చి, అడుగు మెత్తబడి, కుళ్లు కంపు కొడితే మొవ్వు కుళ్లే. ఊడి రాకుండా, విప్పారిన ఆకులు కత్తెరతో విసనకర్రలా కోసినట్టు ఉంటే కొమ్ము పురుగు. మానుకు రంధ్రాలు, వాటి నుంచి ఎర్రగా జిగురు కారడం, నమిలిన పీచు బయటపడటం, చెవి పెడితే లోపల కొరికే చప్పుడు వినబడటం ఉంటే ఎర్ర ముక్కు పురుగు. ఈ మూడింటికీ వైద్యం వేరు. మొవ్వు వాడగానే దుకాణానికి పరుగెత్తి ఏదో ఒక మందు తెచ్చి పోయడం వల్ల ఎన్ని చెట్లు పోయాయో నేను కళ్లారా చూశాను. దయచేసి ముందు లాగి చూడండి.

మొవ్వు కుళ్లు అయితే, కుళ్లిన భాగాన్ని మంచి కండ కనబడే దాకా పదునైన కత్తితో చెక్కి, బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో కరిగించి కలిపితే పేస్టు వస్తుంది. పూసిన చోట వాన నీరు దిగకుండా కొత్త మొవ్వు వచ్చేదాకా పాలిథీన్ సంచి కప్పి ఉంచాలి. చుట్టుపక్కల చెట్లన్నిటి మొవ్వుల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం తడిసేలా పోయండి. పది లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం కొలత. వానలు మొదలయ్యాయి కాబట్టి ఈ పని ఈ వారంలోనే కావాలి. చెక్కిన ముక్కలు తోటలో వదలకుండా కాల్చేయండి.

మీ తాతగారు రాసిన మైలుతుత్తం, సున్నం మందు ఈ బోర్డోనే. దాన్ని కలిపే తీరులో మాత్రం ఆయన రాతను దిద్దాలి. బోర్డోను ఇనుప బానలో కలపకూడదు. మైలుతుత్తంలోని రాగి ఇనుము మీదికి చేరిపోయి మందు చెడుతుంది, బానకూ చిల్లు పడుతుంది. మట్టి కుండ గానీ ప్లాస్టిక్ బకెట్ గానీ వాడండి. మైలుతుత్తం ఒక పాత్రలో, సున్నం ఒక పాత్రలో విడివిడిగా కరిగించి, సున్నపు పాలలోకి మైలుతుత్తం నీటిని కలియబెడుతూ పోయాలి. తర్వాత తోమిన కొడవలి మొన ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట. మరికొన్ని సున్నపు పాలు కలిపి మళ్లీ చూడండి. కలిపింది ఆ రోజే వాడేయాలి. 1885లో ఫ్రాన్సులో ద్రాక్ష బూజు తెగులు మీద మియార్దే అనే శాస్త్రవేత్త దీన్ని నిలబెట్టినప్పటి నుంచి ఇప్పటి దాకా శిలీంధ్రాలు దీనికి పెద్దగా లొంగకుండా పోలేదు. ఇంతకాలం నిలిచిన మందులు చాలా తక్కువ.

కొమ్ము పురుగును కొక్కెంతో లాగి చంపడం కూడా మంచి పద్ధతే. లాగాక పై మూడు మట్టల మొదళ్లలో వేప పిండి ఒక వంతు, ఇసుక రెండు వంతులు కలిపి నింపండి. అయితే ఆ పురుగు పుట్టేది చెట్టు మీద కాదు, మీ పెంటకుప్పలో. కుప్ప తిరగేసి తెల్లటి లావుపాటి పురుగులను ఏరి, మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కుప్పలో కలపండి. దింపు కార్మికులకు మట్ట మొదలుకు గాటు పెట్టవద్దని చెప్పండి, గాయం వాసనకే ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. గాయం పడితే తారు పూయండి.

మామిడి మీద కిరసనాయిలు వద్దు. సబ్బుతో సరిగా చిలకకపోతే నూనె పైకి తేలి పూత మాడిపోతుంది. బూడిద తెగులుకు ఆనాటి గంధకమే మేలు, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. తేనె మంచు పురుగుకు తోటలోకి వెలుతురు పడేలా గుబురు కొమ్మలు కత్తిరించడం మొదటి మందు. పూత మొగ్గ దశలో పురుగు ఎక్కువగా కనబడితే ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ. ఒక్కసారి చాలు. పూత విచ్చుకున్నాక కొట్టవద్దు, ఈగలూ తేనెటీగలూ చస్తే కాయ నిలవదు. ఏటా అదే మందు వాడటం కూడా మానండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ చెట్ల పొలుసు పురుగు సున్నం గంధకానికి చావడం లేదని మెలాండర్ అనే శాస్త్రవేత్త 1914లోనే గమనించారు. మీ తాతగారు నోటు పుస్తకం మొదలుపెట్టడానికి ముందే మందుకు లొంగని పురుగు పుట్టిందన్నమాట!

పక్షులను కాల్చమన్న సలహా అప్పటికే తప్పని తేలింది. పూసాలో మేసన్ అనే ఉద్యోగి పక్షుల పొట్టలు కోసి, ఏ పక్షి ఏమి తింటుందో పరిశీలించారు. ఆ వివరాలు 1912లో అచ్చయ్యాయి. చాలా పక్షులు పురుగులనే ఏరుకుంటాయని ఆ లెక్కలు చెప్పాయి. పశువుల వీపు మీద వాలే పసుల పోలిగాడు మీ వేరుశనగకు కావలివాడు. ఎకరాకు ఎనిమిది, పది చోట్ల పంగల కర్రలు పాతితే అది అక్కడే కూర్చుని పచ్చపురుగులను ఏరేస్తుంది. రామచిలుకలు మాత్రం కాయ కొరుకుతాయి, కాదనను. వాటికి వలో, మెరిసే రిబ్బనో కట్టండి.

నాగజెముడు ఎందుకు కనబడదో తెలుసా? కంచెకు తెచ్చిన ఆ మొక్క దక్షిణాదిలో పొలాలనూ బీళ్లనూ కమ్మేసింది. 1926లో సింహళం నుంచి దాని రసం పీల్చే ఒక పిండి పురుగును తెచ్చి వదిలారు. కొన్నేళ్లలోనే డొంకలు డొంకలుగా ఎండిపోయాయి. మళ్లీ తెచ్చి పాతవద్దు. వాక్కాయ పెట్టండి. ముల్లూ ఉంటుంది, పచ్చడికి కాయా అమ్ముడవుతుంది.

పందుల విషయంలో మీ బాధ నాకు అర్థమవుతుంది. రాత్రికి రాత్రి అరెకరం వేరుశనగ పెకలించి పోతే ఆ రైతు మొహం చూడలేం. అయినా విషం పెట్టవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని చంపడం నేరం. పైగా తవుడు ఎర పంది ఒక్కటే తినదు, మీ ఆవు తింటుంది, కుక్క తింటుంది, ఆ కళేబరాన్ని తిన్న జంతువూ పోతుంది. కొందరు గట్ల మీద ఫోరేట్ గుళికలు కడుతున్నారు, అదీ నిషేధించిన మందే. కరెంటు తీగ నేరుగా కట్టడం అన్నిటికన్నా ఘోరం. దానికి పందుల కన్నా ముందు నీరు పెట్టడానికి వెళ్లిన రైతులే బలైన ఊళ్లు ఉన్నాయి.

విత్తేటప్పుడే చేను చుట్టూ నాలుగు వరుసల ఆముదం వేయండి, దాని వాసన పందికి గిట్టదు, పంట వాసననూ కప్పేస్తుంది. రబీలో వేస్తే ఆముదానికి బదులు ముళ్ల కుసుమ. వెలుపల అడుగు దూరంలో రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతున కందకం తీయిస్తే పంది దాటడానికి జంకుతుంది, వాన నీరూ నిలుస్తుంది. నలుగురు రైతులు కలిసి సోలార్ కంచె వేసుకుంటే మరీ మంచిది. అందులో విద్యుత్తు క్షణకాలం తాకి వదులుతుంది, అదరగొడుతుందే గానీ చంపదు. ఇవన్నీ చేసినా నష్టం జరిగితే ఆ ఉదయమే ఫొటోలు తీసి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. ఆలస్యమైతే నష్టం రుజువు చేయడం కష్టం.

నోటు పుస్తకంలో తాళ్లు చచ్చిన సంవత్సరాలు, ఏ గట్టు మీద మొదలైందో రాసి ఉంటే ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి. మీ గట్ల మీద తెగులు ఎటు నుంచి ఎటు పాకిందో వాటిలో తెలియవచ్చు, ఏ కొబ్బరి చెట్లకు ముందుగా బోర్డో పోయాలో దాన్ని బట్టి చెబుతాను. అంతకన్నా ముందు, రేపు ఉదయం మొవ్వాకు లాగి చూసి, ఊడి వచ్చిందో లేదో రాయండి.