చందమామ సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఎవరు?

విశాఖలో మా పిల్లలకు పాత చందమామల్లోంచి ‘యక్షపర్వతం’ చదివి వినిపిస్తున్నాను, రచయిత పేరే లేదు, ఎవరాయన అని మీరు అడిగారు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. పేరు లేకపోవడం పొరపాటు కాదండీ, అప్పట్లో ఆయన సీరియల్స్ అలా పేరు లేకుండానే అచ్చయ్యేవి. 1952లో మద్రాసు వెళ్లి చందమామ సంపాదకవర్గంలో చేరారు, యాభై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఇంకేం చెప్పాలి, ఉద్యోగ జీవితమంతా అదే!

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘మాయా సరోవరం’ లాంటివి వరసగా రాశారు. దేవుళ్లు, నీతులు తక్కువ. అడవులు, మాంత్రికులు, వింత జాతులు ఎక్కువ. మీ ‘యక్షపర్వతం’లోనే చూడండి, ఖడ్గవర్మది కత్తి, జీవదత్తుడిది మంత్రదండం. ఇద్దరినీ ఏదో ఆపదలోకి తోసి ‘ఇంకా వుంది’ అనేవారు. నెలంతా టెన్షనే. నా లెక్కలో ఆయన అసలు బలం ఆ ఆపే చోటు.

ఈ కథలకు చిత్రా గారు వేసిన బొమ్మలూ అంతే పేరు తెచ్చుకున్నాయి. (ముఖచిత్రాల వడ్డాది పాపయ్య గారైతే మనకు దగ్గర్లోని కశింకోటలోనే ఉండేవారు.)

సుబ్రహ్మణ్యం గారు 2010లో కన్నుమూశారు. తర్వాత ఈ సీరియల్స్ ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి, చిరిగిన సంచికలతో కుస్తీ అక్కర్లేదు.