హార్వర్డ్‌లో మహిళలకు వేరే గాయక బృందం ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, రాడ్‌క్లిఫ్ కోరల్ సొసైటీ అనే మహిళా గాయక బృందంలో చేరింది. అందరూ కలిసి చదివే చోట స్త్రీలకు వేరే బృందం ఎందుకు? ఆ పేరు ఎలా వచ్చింది? వారు పాడేది మన బృందగానం వంటిదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: హార్వర్డ్ చాలాకాలం పురుషులకే పరిమితమైన విద్యాసంస్థ. అక్కడి ఆచార్యులు స్త్రీలకు విడిగా పాఠాలు చెప్పే ఏర్పాటు 1879లో మొదలై, 1894లో రాడ్‌క్లిఫ్ కళాశాలగా రూపుదిద్దుకుంది. హార్వర్డ్‌లో తొలి విద్యార్థి వేతనం కోసం 1643లో విరాళమిచ్చిన ఆన్ రాడ్‌క్లిఫ్ పేరునే ఆ కళాశాలకు పెట్టారు. ఉదయం మగపిల్లలకు చెప్పిన పాఠాన్నే ఆచార్యుడు మళ్ళీ ఆడపిల్లల తరగతికి వెళ్ళి చెప్పే పద్ధతి 1943 వరకు సాగిందంటే, ఆ గోడ ఎంత బలమైనదో ఊహించవచ్చు.

పాటకూ ఆ గోడ అడ్డు వచ్చింది. హార్వర్డ్ గ్లీ క్లబ్ అనే గాయక బృందం 1858 నుంచీ ఉన్నా అది పురుషులది. అందువల్ల కళాశాల తొలి అధ్యక్షురాలు ఎలిజబెత్ కేరీ అగాసీ చొరవతో 1899లో రాడ్‌క్లిఫ్ విద్యార్థినుల బృందం ఏర్పడింది. తరువాత ఆర్చిబాల్డ్ డేవిసన్ వంటి ఆచార్యుల శిక్షణలో రెండు బృందాలూ కలిసి పెద్ద కృతులు పాడసాగాయి. 1999లో రాడ్‌క్లిఫ్ కళాశాల హార్వర్డ్‌లో పూర్తిగా విలీనమైంది. గాయక బృందం మాత్రం ఆ పేరును వదులుకోలేదు. అది ఎంతో సముచితమైన నిర్ణయమని నా అభిప్రాయం.

అడ్డంకి తొలగిన తరువాత కూడా బృందం నిలవడానికి అసలు కారణం సంగీతంలోనే ఉంది. మన బృందగానంలో సాధారణంగా అందరూ ఒకే వరుసను పాడతారు. అక్కడ సొప్రానోలు (హెచ్చు స్థాయిలో పాడే స్త్రీలు), ఆల్టోలు (తగ్గు స్థాయిలో పాడే స్త్రీలు) తిరిగి రెండేసి భాగాలై, ఒకే క్షణంలో నాలుగు వేర్వేరు స్వరాలను పలుకుతారు. పురుషుల మంద్రస్వరం అడుగున ఉండదు కనుక ఆ నాలుగూ దగ్గర దగ్గరగా అల్లుకుంటాయి. ఒక్కరి శ్రుతి కాస్త జారినా దాచుకునే చోటుండదు. ఈ గాత్రధర్మాన్ని గుర్తించి రాసిన సంగీత రచనలు విస్తారంగా ఉన్నాయి. వెనిస్ నగరంలోని పియెతా అనాథాశ్రమ బాలికల కోసం ఇటలీ స్వరకర్త వివాల్డి రచనలు చేశాడు. హాంబర్గ్‌లో స్వయంగా మహిళా బృందాన్ని నడిపిన జర్మన్ స్వరకర్త బ్రామ్స్, స్త్రీ గాత్రాలకు రెండు హార్న్‌లూ (ఊదే లోహవాద్యాలు) ఒక హార్ప్ (నిలువు తంత్రీవాద్యం) తోడుగా నాలుగు గీతాలు కూర్చాడు.

మనకు మరింత దగ్గరిది గుస్తావ్ హోల్స్ట్ రచన. ఈ ఆంగ్ల స్వరకర్త సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలను తానే ఆంగ్లంలోకి తెచ్చుకుని స్వరపరిచాడు. వాటిలో మూడవ సంపుటి కేవలం స్త్రీ గాత్రాలకూ హార్ప్‌కూ రాసినది. ఉషస్సును, జలాలను స్తుతించే సూక్తాలు అందులో ఉన్నాయి. లండన్‌లో ఒక బాలికల పాఠశాలలో సంగీతం నేర్పిన అనుభవం వల్ల ఆయనకు ఆ గాత్రాల పోకడ బాగా తెలుసు.

మిశ్రమ బృందంలో పాడే అవకాశం పోతుందన్న దిగులు మీకు అక్కరలేదు. రాడ్‌క్లిఫ్ బృందం గ్లీ క్లబ్‌తోనూ, 1971లో ఏర్పడిన మిశ్రమ బృందం కొలీజియమ్ మ్యూజికమ్‌తోనూ కలిసి కచేరీలు చేస్తుంది.