చెస్‌లో లండన్ సిస్టమ్ మీద బ్లాక్‌తో ఏం ఆడాలి? బంట్ల గోడ లేచేలోపే బి2 మీద పడండి

1200 రేటింగ్ దగ్గర వైట్ వచ్చిన ప్రతివాడూ లండన్ సిస్టమ్ అనే ఓపెనింగే ఎత్తుకుని డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3 (ఇవి బోర్డు మీద గడుల పేర్లు, ముక్క పేరు చెప్పకపోతే కదిలింది బంటు) అని బంట్లు పేర్చేసుకుని కూర్చుంటున్నాడు, ఎక్కడ కొట్టాలో తెలీట్లేదు అన్నారు కదా, మీ బాధ నాకు తెలుసండి. నేను హైదరాబాద్‌లో ఆదివారాలు ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే) టోర్నమెంట్లకి వెళ్తుంటా, అక్కడా ఇదే గోల, పదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి రిటైరైన అంకుల్స్ దాకా అందరిదీ లండనే.

నేను గమనించిందేంటంటే వీళ్ళు మనం ఏం ఆడుతున్నామో చూడకుండానే మొదటి ఏడెనిమిది మూవ్స్ టకటకా ఆడేస్తారు. మీరు కూడా ఇ6, బిషప్ ఇ7, క్యాజిల్ (కింగ్‌ని రూక్ వైపు జరిపి దాచడం) అని మీ పని మీరు చూసుకుంటే వాళ్ళకి పండగే, బిషప్ డి3లో కూర్చుని హెచ్7 వైపు చూస్తుంటుంది, నైట్ ఇ5కి వస్తుంది, ఎఫ్ బంటు కదులుతుంది, ఇంక మీ కింగ్ మీదకి దండయాత్రే. అందుకే మూడో మూవ్‌కే సి5 కొట్టేయండి. బిషప్ ఎఫ్4కి వెళ్ళిపోయింది కాబట్టి వెనకాల బి2 బంటుకి కాపలా లేదు, లండన్‌కున్న అసలు వీక్‌నెస్ అదే.

నేనాడేది ఇది: 1.డి4 డి5 2.బిషప్ ఎఫ్4 నైట్ ఎఫ్6 3.ఇ3 సి5 4.సి3 నైట్ సి6 5.నైట్ ఎఫ్3 క్వీన్ బి6. ఇక్కడ చాలామంది మొదటిసారి ఆగి ఆలోచిస్తారు, గడియారం మీద నిమిషాలు కరుగుతాయి, అదే మనకి కావాల్సింది. ఎక్కువగా క్వీన్ బి3 పెడతారు, మీరు సి4 తోయండి. క్వీన్లు మార్చుకుంటే ఎ బంటుతో తీసుకోండి, ఎ ఫైల్ (ఎ గడుల నిలువు వరస) ఓపెన్ అవుతుంది, తర్వాత బి5, బి4 అంటూ తోసుకుపోవచ్చు. మార్చుకోకుండా క్వీన్ సి2కి వెళ్తే వెంటనే బిషప్ ఎఫ్5! దాన్ని క్వీన్‌తో తింటే మీ క్వీన్ బి2 తింటుంది, మూలనున్న రూక్ పోయినట్టే. తెలిసినవాడైతే క్వీన్ సి1కి వెనక్కి వెళ్తాడు, అయినా మీకు హాయిగానే ఉంటుంది.

కానీ నైట్ సి6 ముందే ఆడి ఉండాలి, ఇది మర్చిపోవద్దు. నైట్ ఇంకా బి8లోనే ఉంటే మీరు బి2 తిన్న మరుక్షణం క్వీన్ సి8 మేట్. అలాగే వైట్ ఐదో మూవ్‌కి నైట్ డి2 పెట్టినా ఈ ట్రిక్ పని చెయ్యదు, రూక్ డి1కి జారుకుంటుంది, అప్పుడు సి, డి బంట్లు మార్చేసి బిషప్ ఎఫ్5 పెట్టుకుని మామూలుగా ఆడుకోండి.

నాలుగో మూవ్‌కి సి5 బంటు తినేస్తే కంగారు పడొద్దు, ఇ6 ఆడితే బిషప్‌తో మళ్ళీ తీసుకోవచ్చు.

ఈ క్వీన్ గొడవ వద్దు, ప్రశాంతంగా కావాలి అంటే ఇ6, బిషప్ డి6 ఆడి వాళ్ళ మంచి బిషప్‌ని మార్చేయండి. వాళ్ళు జి3కి వెనక్కి వెళ్తే మాత్రం, మీరు షార్ట్ క్యాజిల్ (దగ్గరున్న రూక్ వైపు) చేసుంటే తొందరపడి తినకండి, హెచ్ బంటుతో తీసుకుంటారు, రూక్‌కి హెచ్ ఫైల్ ఫ్రీగా దొరుకుతుంది. వాళ్ళే డి6లో తింటే క్వీన్‌తో తీసుకోండి, తర్వాత ఇ5 తోయడానికి బాగుంటుంది. కింగ్స్ ఇండియన్ అనే బ్లాక్ ఓపెనింగ్ అలవాటున్నవాళ్ళు జి6, బిషప్ జి7, డి6, నైట్ బి నుంచి డి7, ఆ తర్వాత ఇ5 అని ఆడతారు, అదీ మంచిదే, నాకు మాత్రం అంత ఓపిక లేదు.

ఇది చిన్నపిల్లల ఓపెనింగ్ అని యూట్యూబ్‌లో వెక్కిరిస్తారు గానీ తీసిపారేయకండి. 2023లో అస్తానాలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆరో గేమ్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ దీంతోనే రష్యా ఆటగాడు నెపోమ్నియాషిని ఓడించాడు. 2024 సింగపూర్‌లో మళ్ళీ ఆరో గేమ్‌లోనే గుకేష్ మీద తీశాడు, మనోడు (చెన్నై అయినా తెలుగింటి కుర్రాడే) బ్లాక్‌తో ఉండి కూడా రిపిటీషన్‌కి (అవే మూవ్స్ తిప్పి తిప్పి ఆడి డ్రా చేసుకోవడానికి) ఒప్పుకోకుండా ఆడాడు, చివరికి డ్రా అయింది.

ఇంకోటి, సి3 బంటు బదులు నైట్ సి3కి వస్తే అది జొబావా లండన్ అనే ఇంకో రకం, పైన చెప్పిందంతా పక్కన పెట్టేయాలి. నైట్ బి5కి దూకి సి7 మీద పడుతుంది, కాబట్టి ఎ6 ఆడి ఆ దారి మూసేశాకే సి5 సంగతి చూసుకోండి.