మిసావా కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జపాన్ ప్రొఫెషనల్ రెజ్లర్ మిత్సుహారు మిసావా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు, సంతోషం. కానీ మొదటి పేరాలోనే మనిషిని చంపేశావు. 2009 జూన్ 13న హిరోషిమా రింగ్‌లో ఏం జరిగిందో ముందే చెప్పేస్తే, తర్వాత వచ్చే ప్రతి పోటీనీ పాఠకుడు అయ్యో పాపం అనుకుంటూ చదువుతాడు. ఆ మెడ మీద ఏళ్ల తరబడి ఏం పడుతూ వచ్చిందో వరసగా తెలిస్తే తప్ప ఆ రాత్రి అర్థం కాదు. అందుకని కాలక్రమంలోనే రాయి.

యూబారి గురించి అంత అక్కర్లేదు. అది హొక్కైడోలో బొగ్గు గనుల ఊరు, 1962లో అతను అక్కడ పుట్టాడు, నిజమే. పెరిగింది మాత్రం టోక్యో పక్కన సైతామాలో. గని కార్మికుల కష్టాన్ని అతని స్వభావానికి ముడిపెట్టకు, అతకదు. ఆ చోటు హైస్కూలుకి ఇవ్వు. అక్కడి కుస్తీ జట్టులో తొషియాకి కవాడా అతనికి ఒక ఏడాది జూనియర్. మిసావా జీవితంలో సగం నాటకం ఈ ఇద్దరి మధ్యే నడిచింది. నువ్వు ఆ ముక్కే వదిలేశావు.

మన పాఠకులకు రెజ్లింగ్ అంటే టీవీలో చూసిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్. "అదంతా ముందే మాట్లాడుకున్నదేగా" అన్న ప్రశ్న రెండో పేజీకి రాకముందే వస్తుంది. దాటేయకు, సూటిగా చెప్పు: ఎవరు గెలవాలో ముందే తేలిపోతుంది. పడటం మాత్రం నిజంగా పడటమే. ఉక్కు చట్రం మీద చెక్కలు, వాటి మీద పలుచటి మెత్త, అంతే. ఈ రెండు మాటలూ ఒకేచోట ఉంటే పాఠకుడు నిన్ను నమ్ముతాడు. గెలుపోటముల్ని ఒలింపిక్స్ ఫలితాల్లా రాస్తే నమ్మడు.

1984లో ఆల్ జపాన్ అనే రెజ్లింగ్ సంస్థ అతనికి పులి ముసుగు తొడిగి, టైగర్ మాస్క్ అనే పాత్రలో రెండోవాణ్ని చేసింది. ఎగిరి దూకే ఆట. 1989లో మోకాలి గాయంతో చాలాకాలం రింగ్‌కి దూరమయ్యాడు. ఇక్కడ నెమ్మదించు. 1990 వసంతంలో ఆ సంస్థలోని పెద్ద ఆటగాడు గెనిచిరో తెన్ర్యు దాన్ని వదిలి వెళ్లిపోయాడు. అక్కడి అగ్రతార జంబో త్సురుటాకి ఎదురు నిలిచే జపాన్ ఆటగాడు కరువయ్యాడు. మే 14న టోక్యోలో, పోటీ మధ్యలో, మిసావా ముసుగు విప్పించుకున్నాడు. ముడి విప్పింది ఆ రోజు జోడీగా ఉన్న కవాడా. ఇరవై అయిదు రోజులకి, జూన్ 8న టోక్యోలోని బుడోకాన్ హాల్లో, త్సురుటాని ఓడించాడు. నువ్వు "అనూహ్య విజయం" అని రాశావు. సంస్థకి ఒక ఖాళీ ఏర్పడింది, దాన్ని నింపడానికి సంస్థ స్థాపకుడు జైంట్ బాబా ఇతన్ని ఎంచుకున్నాడు. ఆ కారణం చెబితే విశేషణం అవసరమే రాదు.

రెజ్లింగ్ పట్టుల పేర్లు వరసగా పేర్చావు. తెలియనివాడికి అవి ఉత్త శబ్దాలు. ఒక్కటి తీసుకుని విడమరిచి చెప్పు. టైగర్ డ్రైవర్‌నే తీసుకో. ప్రత్యర్థిని ముందుకు వంచి, రెండు చేతుల్నీ వెనక నుంచి మెలిపెట్టి పట్టుకుని, పైకెత్తి తిప్పి, వీపు మీద పడేస్తాడు. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, భుజాల వెనక భాగం మీద పడాలి, చేతులతో నేలను చరిచి దెబ్బను పంచుకోవాలి. ప్రాణం కాపాడేది ఆ విద్యే. 1991లో మిసావా దీన్నే మార్చాడు: చేతులు చివరిదాకా వదలడు. చరవడానికి చేతుల్లేవు, తిరగడానికి వీలు లేదు, బరువంతా మెడ మీదకే. 1994 జూన్ 3న కవాడాతో పోటీని ముగించింది దీనితోనే. అది చూశాక ప్రేక్షకులు మామూలు టైగర్ డ్రైవర్‌కి పోటీ ముగుస్తుందని నమ్మడం మానేశారు. ప్రతి ఏడాదీ ఇంకాస్త ఎత్తు నుంచి, ఇంకాస్త నిటారుగా పడాల్సి వచ్చింది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

అతను తిన్న దెబ్బలూ రాయి. 1994 జూలైలో స్టీవ్ విలియమ్స్ వేసిన బ్యాక్‌డ్రాప్‌లు, అంటే నడుము పట్టుకుని ఎత్తి, తనూ వెనక్కి వాలుతూ పడేసే పట్టు. 2003 మార్చి 1న మరో పెద్ద ఆటగాడు కెంటా కొబాషితో పోటీలో, ప్రవేశ ర్యాంపు మీంచి కొబాషిని కింద నేలకేసి టైగర్ సూప్లెక్స్ (చేతులు వెనక మెలిపెట్టి, తల మీదుగా వెనక్కి విసిరే పట్టు) వేశాడు, తనూ వెంటే పడ్డాడు. చివరికి తలకిందులుగా పడేసే కొబాషి పట్టు బర్నింగ్ హ్యామర్‌కి మిసావా ఓడాడు.

బాబా 1999 జనవరిలో పోయాక మిసావా ఆల్ జపాన్ అధ్యక్షుడయ్యాడు, 2000లో విభేదించి బయటికొచ్చి నోవా అనే సొంత రెజ్లింగ్ సంస్థ స్థాపించాడు. జపాన్ ఆటగాళ్లలో పాత సంస్థలో మిగిలింది కవాడా, ఫుచి ఇద్దరే. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకు బాధేసింది. 46 ఏళ్ల వయసులో, మెడ అంత పాడయ్యాక కూడా అతను రింగ్ ఎందుకు ఎక్కుతున్నాడన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే వెతకాలి. అతను యజమాని. పోస్టర్ మీద అతని పేరుంటే టికెట్లు తెగుతాయి. 2009 మార్చిలో నిప్పన్ టీవీ నోవా పోటీల సాధారణ ప్రసారాలు ఆపేసింది, ఆ ఆదాయమూ పోయింది.

ఇంత రాశాక హిరోషిమాకి రా. మూడు పేరాలు మించకు. గో షియోజాకితో జోడీగా, అకితోషి సైతో, బైసన్ స్మిత్‌ల మీద టైటిల్ పోటీ. సైతో వేసింది మామూలు బ్యాక్‌డ్రాప్, మిసావా లెక్కలేనన్నిసార్లు తిన్నదే. లేవలేదు, రిఫరీ ఆపేశాడు, ఆ రాత్రే ఆసుపత్రిలో పోయాడు. కారణం మెడ దగ్గర వెన్నుపాముకి తగిలిన దెబ్బ. "సైతో చేతిలో మరణించాడు" అన్న వాక్యాన్ని కొట్టెయ్. అది అన్యాయం, పైగా నువ్వు అప్పటిదాకా రాసినదానికే విరుద్ధం. మర్నాడు ఫుకుఓకాలో ప్రదర్శన ఆగలేదని, అక్కడ షియోజాకి ఖాళీగా ఉన్న హెవీవెయిట్ టైటిల్ గెలిచాడని చేర్చు.

పేర్లు ఒక్కచోట "మిసావా", ఇంకోచోట "మిజావా" అని పడ్డాయి, సరిచూసుకో. తేదీలు తెలిసినచోట "తొంభైలలో" అనకు. దిద్దిన ప్రతి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య