పంపు సీల్ మార్చిన సంగతి రెజ్యూమేలో పైన రాయి

తమ్ముడూ, మెకానికల్ డిప్లొమా అయ్యాక మూడు నెలల్లో రెండొందల చోట్ల అప్లై చేసినా ఒక్క ఫోనూ రాలేదన్నావు. నువ్వు పెట్టిన రెజ్యూమే చూశాను. పైన ‘కష్టపడే స్వభావం’ అని ఉంది. ట్రైనింగ్‌లో నీ చేత్తో పంపు సీల్ (లీకు కాకుండా ఆపే భాగం) మార్చిన సంగతి ఎక్కడో అడుగున ఉంది. విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో మెయింటెనెన్స్ వాళ్లు ముందు వెతికేది అదే! దాన్ని మొదటి లైన్లోకి తీసుకురా. రోజుకు రెండు అప్లికేషన్లే పెట్టు, కానీ ప్రకటన చదివి దానికి తగ్గట్టు రెజ్యూమే మార్చి పెట్టు.

అచ్యుతాపురంలో చేస్తున్న మీ సీనియర్లకు ఫోన్ చెయ్యి. ‘ఉద్యోగం ఇప్పించన్నా’ అనకు, ‘మీ ప్లాంటులో షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) మనుషుల్ని ఎప్పుడు తీసుకుంటారు?’ అని అడుగు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ (NATS) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా కూడా నమోదు చేసుకో. ఏడాది స్టైపెండూ వస్తుంది, అనుభవమూ వస్తుంది. ఉద్యోగానికి ముందే డబ్బు కట్టమంటే మాత్రం రూపాయి కూడా ఇవ్వకు.