కుక్కను హాస్టల్లో వేద్దామా?

ఈసారి పాఠకులు రాసిన జాబులన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి: కుక్కను ట్రైనింగ్ సెంటర్లో నెల రోజులు వదలాలా, వద్దా? పిల్లల్ని హాస్టల్లో వేయడం అలవాటైన నెల్లూరికి ఈ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. కాకపోతే ఇంటర్ పిల్లాడు నేర్చుకున్నది పరీక్ష హాల్లో ఒక్కడే కూర్చుని రాస్తాడు. కుక్క మాత్రం మీరు పక్కనుండి సరిగ్గా అడిగితేనే రాస్తుంది.

*మాది వేదాయపాళెం. ఎనిమిది నెలల మగ లాబ్రడార్, 27 కిలోలు. ఎవరొచ్చినా మీదికి ఎగురుతుంది. వీధిలోకి తీసుకుపోతే అదే మమ్మల్ని ఈడ్చుకుపోతుంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మొన్న దీని దెబ్బకు మెట్ల మీద పడబోయారు. మేమిద్దరం ఉద్యోగస్తులం. చెన్నైలో ఒకచోట నెల రోజులు ఉంచుకుని అన్నీ నేర్పి పంపుతామంటున్నారు. పంపమంటారా?*
— ఒక పాఠకురాలు, నెల్లూరు

ఇప్పుడే పంపకండమ్మా.

కుక్క తప్పులు రెండు రకాలు. పిలిస్తే రావడం, గొలుసు లాగకుండా నడవడం, చెప్పిందాకా చోటు కదలకపోవడం లాంటివి ఎక్కడైనా నేర్పొచ్చు. మీ గేటు చప్పుడుకు మొరగడం, మీ సోఫా కొరకడం, మీరు ఆఫీసుకు బయల్దేరగానే ఏడవడం మీ ఇంట్లో పుట్టినవి. చెన్నైలో పుట్టనిది చెన్నైలో పోదు. మీవాడి లాగుడు మొదటి రకం. ఎగురుడు సగం సగం. ట్రైనర్ మీద ఎగరడం అక్కడ మానేస్తాడు, మీ అత్తగారి మీద ఎగరడం మాత్రం ఆవిడ ఎదుటే మానాలి.

మూడు వారాలు, రోజుకు పదిహేను నిమిషాలు, అదీ ఐదేసి నిమిషాలు మూడుసార్లుగా చేసి చూడండి. రోజూ పెట్టే తిండిలో పావు వంతు తీసి పక్కన పెట్టుకోండి. దాంతోపాటు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్కలు కొన్ని. మెడ పట్టీ బదులు ఛాతీ ముందు రింగున్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ), ఆరడుగుల తాడు చాలు. బటన్ నొక్కితే సాగే తాడు వద్దు. లాగితేనే దారి వస్తుందని నేర్పేది అదే.

మొదలు వీధిలో కాదు, డాబా మీద. ఒక అడుగు వేయండి. తాడు వదులుగా ఉంటే ముక్క మీ తొడ పక్కనే, దాని మూతికి అందేలా ఇవ్వండి. చెయ్యి ముందుకు చాచి ఇస్తే అది ముందుకే పోతుంది. తాడు బిగిస్తే స్తంభంలా నిలబడండి. లాగొద్దు, మాట్లాడొద్దు. అది వెనక్కి తిరిగి తాడు వదులైన క్షణంలో మళ్లీ నడవండి. తొలిరోజు ఇరవై అడుగులు నడిస్తే గొప్ప. చాలామంది దెబ్బతినేది ఒక్కచోటే. ఏడుసార్లు ఆగి, ఆఫీసుకు టైమైందని ఎనిమిదోసారి వదిలేస్తారు. ఎనిమిదిసార్లు లాగితే పని అవుతుందని అది లెక్కకట్టుకుంటుంది. ఎండాకాలం ఈ నడకలన్నీ ఉదయం ఆరులోపే. అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు రోడ్డుకు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలుతున్నట్టే.

ఎగురుడు సంగతి. మోకాలితో నెట్టడం, కేకలేయడం దానికి ఆటలో భాగమే. కుక్కను నాలుగడుగుల తాడుతో కిటికీ చువ్వకు కట్టి, మనిషిని మెల్లగా రమ్మనండి. నాలుగు కాళ్లు నేల మీదుంటే ముక్క నేల మీద పెట్టాలి. ముందుకాళ్లు లేచాయా, వచ్చినవాళ్లు వెనుదిరిగి రెండడుగులు వెనక్కి పోవాలి. మీ అత్తగారైతే కుర్చీలో కూర్చునే, అది దగ్గరికి రాకముందే నేల మీద రెండు ముక్కలు జారవిడవొచ్చు. తల కిందికి దిగిన కుక్క ఎగరలేదు. మెట్ల దగ్గర ఈలోపు నడుమెత్తు గేటు పెట్టించండి.

పదిహేను నిమిషాలు కూడా కుదరదంటే పంపండి. కానీ తిరిగొచ్చాక ఆ పదిహేను నిమిషాలు ఎలాగూ తప్పవు. డబ్బు కట్టేముందు మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి, పొద్దున కడిగిన నేల ఎవరైనా చూపిస్తారు. ప్రతి కుక్కకూ విడి గది, ఫ్యాను, తాగునీరు ఉన్నాయా? రాత్రి మనిషి ఉంటాడా? పనిచేస్తున్న కుక్కల తోకలు చూడండి. అన్నీ కాళ్ల మధ్య ఉంటే వెనక్కి వచ్చేయండి.

అడగాల్సిన ప్రశ్న ఇది: "చెప్పింది చేయకపోతే ఏం చేస్తారు?" "ముక్క ఇవ్వం, ఇంకాస్త తేలిగ్గా చేసి మళ్లీ అడుగుతాం" అంటే మంచిది. మెడ బిగించే చోక్ చైన్ గుంజుతాం, ముళ్ల పట్టీ వేస్తాం, షాక్ ఇస్తాం, పస్తు పెడతాం అంటే వద్దు. జంతువుల ప్రవర్తనను చూసే అమెరికన్ పశువైద్యుల సంఘం 2021లో ఇదే చెప్పింది: మెప్పుతో, బహుమతితో నేర్పడమే సరైనది, నొప్పి పరికరాలు ఏ కుక్కకూ వద్దు.

ఫీజులో మీకు నేర్పే క్లాసులెన్నో రాతలో తీసుకోండి. కనీసం నాలుగు ఉండాలి, ఒకటి మీ ఇంట్లో జరగాలి. నెల్లూరు నుంచి చెన్నైకి మూడు నాలుగు గంటలు. నాలుగు ఆదివారాలు వెళ్లగలరా? వెళ్లలేకపోతే అది ఎంత మంచి సెంటరైనా మీకు పనికిరాదు. టీకాలు బయల్దేరడానికి రెండు వారాల ముందే పూర్తవ్వాలి, కుక్కల్ని ఉంచే కెనెళ్లలో అంటుకునే కెనెల్ దగ్గుది కూడా. గోమార్ల మందు వేసి, బరువు తూచి రాసుకోండి. రైల్లోనైతే కుక్కకు ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేయాలి, లేదంటే సామాన్లు వేసే బ్రేక్ వ్యాను పెట్టెలో వేస్తారు. మే నెలలో ఆ పెట్టె మాటే తలపెట్టకండి, రాత్రిపూట కార్లో తీసుకుపోండి.

*నెలన్నర ట్రైనింగ్‌లో ఉంచాం. తెచ్చుకునే రోజు అక్కడ చూపిస్తే అచ్చం పోలీసు కుక్కే. ఇంటికొచ్చి పది రోజులు బాగుంది. ఇప్పుడు పిలిస్తే తల కూడా తిప్పదు. మమ్మల్ని మోసం చేశారా?*
— ఒక పాఠకుడు, కావలి

మోసమని అప్పుడే అనొద్దు. కుక్క మాట ఒక్కటే నేర్చుకోదు. ఆ చోటు, ఆ మనిషి, ఆ చెయ్యి, ఆ గొంతు అన్నీ కలిపి నేర్చుకుంటుంది. అక్కడ ఒకే మనిషి, ఛాతీ ఎత్తున చెయ్యి పెట్టి, ఒక్కసారి "సిట్" అన్నాడు. మీ ఇంట్లో అబ్బాయి "సిట్ డౌన్" అంటాడు, వాళ్ల నాయనమ్మ "కూకోవే" అంటుంది, మీరు "ఏయ్, కూర్చోమంటే అర్థం కాదా" అంటారు. ఒక్క పనికి మూడు భాషలైతే అది దేన్ని పట్టుకోవాలి?

ట్రైనర్‌కు ఫోన్ చేసి, ఏ మాట, ఏ చేతి సైగ వాడాడో వీడియో తెప్పించుకోండి. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మొదటి వారం ఒక్కరే చెప్పాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. పడకగదిలో మొదలుపెట్టి హాలు, వరండా, గేటు లోపల, ఆఖర్న వీధి. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు చేసిందంటేనే తర్వాతి చోటికి. తడబడితే ఒక చోటు వెనక్కి. ఒకసారి వచ్చిన విద్య గనుక తొందరగానే తిరిగొస్తుంది, రెండు వారాలు ఓపిక పట్టండి.

పిలుపు పోవడానికి మాత్రం వేరే కారణం ఉంటుంది. "కమ్" అన్న ప్రతిసారీ స్నానమో, గొలుసో, మందుబిళ్లో ఎదురైతే ఏ కుక్క వస్తుంది? పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్లీ ఆటకు వదిలేయండి. స్నానానికి పిలవొద్దు, మీరే వెళ్లి తీసుకురండి.

ఒక పరీక్ష. మీరు మామూలుగా చెయ్యి ఎత్తితే అది నేలకు అణిగిపోవడం, అక్కడే ఒంటికి పోయడం చేస్తుందా? ముందు అలా లేకపోతే, కొట్టి నేర్పారని అనుమానించాలి. మెడ చుట్టూ వెంట్రుకలు విడదీసి గాట్లున్నాయేమో చూడండి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి. తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే గోమార్ల జ్వరం కావచ్చు, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. కుక్కకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే, మన 98.6తో పోల్చి కంగారు పడకండి.

*మూడేళ్ల జర్మన్ షెపర్డ్. రెండు నెలల్లో పాలాయన్ని, సిలిండర్ తెచ్చిన కుర్రాణ్ని కరిచింది. 45 రోజుల్లో దారికి తెస్తామని ఒకచోట గ్యారంటీ ఇస్తున్నారు.*
— ఒక పాఠకుడు, ఒంగోలు

కరిచే కుక్కకు గ్యారంటీ ఇచ్చేవాణ్ని నమ్మకండి.

ముందు మనుషుల సంగతి. గాటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబీస్ టీకా మొదలుపెట్టించాలి. రక్తం వచ్చిందంటే రేబీస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి. మీ కుక్కకు టీకా ఉందని ఊరుకోవద్దు. కరిచిన రోజు నుంచి పది రోజులు కుక్కను ఇంట్లోనే కట్టి గమనించాలి. అందుకని ఆ పది రోజులు ఎక్కడికీ పంపే ప్రసక్తే లేదు.

తర్వాత డాక్టరుకు చూపించండి. మూడేళ్లు ఊరుకున్న కుక్క ఉన్నట్టుండి కరుస్తుంటే నొప్పి ఉందేమో చూడాలి. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ, చెవిపోటైనా కావచ్చు. ఇంకా లోతుగా పరీక్షలు చేయించాలంటే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు.

సెంటర్లో మీ గేటు లేదు, మీ పాలాయన లేడు. అక్కడ జరిగేది చాలావరకు గుర్రుమంటే కొట్టడం. గుర్రు అంటే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే కరవడం మానదు, హెచ్చరించకుండా కరుస్తుంది. ఇంటికొచ్చేది ఇంకా ప్రమాదకరమైన కుక్క.

ఈ రోజు చేయాల్సింది: పాల సంచి గేటు బయట తగిలించండి, గేటుకు లోపల రెండో తలుపు పెట్టించండి. బుట్టలాంటి మూతికట్టు కొనండి, అందులో నోరు తెరిచి రొప్పే వీలుండాలి. గుడ్డది వద్దు, మన ఎండల్లో ఊపిరాడదు. బలవంతంగా తొడగకండి. బుట్టలో ముక్క వేసి మూతి అదే పెట్టేలా మూడు నాలుగు రోజులు, పట్టీ క్షణం పెట్టి తీయడం మరో మూడు రోజులు. పది రోజుల్లో అలవాటవుతుంది.

*అల్లూరు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. కాపలాకు రెండు రాజపాళయం జాతి కుక్కపిల్లల్ని తెచ్చాం, పది వారాలవి. ఎటాక్ ట్రైనింగ్‌కు పంపితే దొంగల భయం ఉండదంటున్నారు.*
— ఒక రైతు

దొంగ పారిపోవడానికి మొరుగుడు చాలు. కరవడం నేర్చిన కుక్క మొదట పట్టేది దొంగను కాదు, అర్ధరాత్రి చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌ను. పెంపుడు జంతువును అదుపులో పెట్టక మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

కొత్త మనుషులకు తేలిగ్గా అలవాటుపడే వయసు ఇంచుమించు 14 వారాలకే ముగుస్తుంది. అంటే మీకింకా నెల ఉంది. మేత చల్లేవాళ్లు, పట్టుబడికి వచ్చే కూలీలు, లారీ డ్రైవర్లు అందరి చేతా ముక్క పెట్టించండి. రోజూ వచ్చేవాళ్లు తెలిస్తేనే రానివాళ్లను చూసి మొరుగుతుంది.

ఇంకో సంగతి, తెల్ల రాజపాళయాల్లో పుట్టుచెవుడు కనిపిస్తుంది. పిల్ల నిద్రపోతుంటే వెనక, కంటపడకుండా, నేల అదరకుండా తాళాల గుత్తి ఆడించండి. రెండు మూడుసార్లు చూసినా చెవి కదలకపోతే అది కాపలాకు రాదు, ఇంట్లో పెంచుకోండి. ఏరేటర్ తీగలు పళ్లకు అందకుండా పైపుల్లో వేయించండి, పిల్లలు కొరుకుతాయి. చెరువు ఉప్పునీళ్లు తాగకుండా షెడ్డు దగ్గర మంచినీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి.

*55 రోజుల బీగిల్ పిల్ల. రెండు నెలలు ఉంచుకుని ఒంటికి, రెంటికి బయటికి వెళ్లడం నేర్పుతామంటున్నారు.*
— ఒక పాఠకురాలు, కందుకూరు

వద్దు. టీకాలు 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకొకటి పడాలి, రేబీస్‌ది మూడు నెలలకు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ కెనెల్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. పైగా అది నేర్చుకునేది అక్కడి నేలను, మీ పెరటిని కాదు.

నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ఆగగానే, అవేవీ లేకపోయినా రెండు గంటలకోసారి ఒకే చోటికి ఎత్తుకెళ్లండి. పని అయిన క్షణంలో అక్కడే ముక్క పెట్టండి, లోపలికొచ్చాక పెడితే లోపలికి రావడానికి ఇచ్చారనుకుంటుంది. ఇంట్లో పోసినచోట ఫినాయిల్ వేస్తే మన ముక్కుకే శుభ్రం, దాని ముక్కుకు పాత వాసన అలాగే ఉంటుంది. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడవండి. రాత్రి పదకొండుకు ఒకటి, మూడున్నరకు ఒకటి అలారం పెట్టుకోండి. నాలుగు నెలలు నిండేసరికి రెండోది తీసేయొచ్చు.