జామర్ల మీద మనసు పడిన అమ్మాయిని ఏఐ వైపు తిప్పాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ రెండో ఏడాది చదువుతోంది. శత్రు రాడార్లు, క్షిపణుల నుంచి యుద్ధ విమానాలను కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థల మీద పనిచేస్తానంటోంది. అది ఒకటి రెండు ప్రభుత్వ సంస్థలకే పరిమితమైన రంగమనీ, అక్కడ ఉద్యోగం రాకపోతే ఎటూ కాకుండా పోతుందనీ మా భయం. ఏఐ కోర్సులు చేసి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే వినడం లేదు. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: పోలిక అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది 'అక్కడ రాకపోతే?' అన్న ప్రశ్న. ముందు దాని సంగతే చూద్దాం. అందుకు అసలు ఆ పని ఏమిటో మీకు తెలియాలి.

విమానానికి నాలుగు వైపులా చిన్న యాంటెన్నాలు పెట్టి, సాధారణంగా 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ మధ్య వచ్చే రాడార్ పల్సులను వినే హెచ్చరిక రిసీవర్ మొదటి భాగం. సెకనుకు లక్షల్లో పల్సులు వచ్చిపడతాయి. ప్రతి పల్సుకూ ఫ్రీక్వెన్సీ, వెడల్పు, బలం, దిశ, వచ్చిన సమయం కొలిచి, ఏది ఏ రాడార్‌దో విడదీయాలి. పల్సుల మధ్య వ్యవధిని మార్చుకుంటూ పోయే రాడార్ ఎదురైతే ఇక్కడే లెక్క తప్పుతుంది. ఒకే రాడార్ మూడు నాలుగు రాడార్లుగా కనిపిస్తుంది.

రెండోది జామర్. పల్సు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టే రాడార్ దూరం లెక్కిస్తుంది. అందుకే జామర్ వచ్చిన పల్సును డిజిటల్ మెమరీలో పట్టుకుని, కాస్త ఆలస్యంగా తిప్పి పంపుతుంది. ఒక్క మైక్రోసెకన్ ఆలస్యం చేస్తే చాలు, విమానం 150 మీటర్లు అవతల ఉన్నట్టు రాడార్ లెక్క కడుతుంది. ఇక్కడ ఇంజినీర్లను ఏడిపించే సమస్య ఒకటుంది. జామర్ పంపే సంకేతం కొన్ని మీటర్ల దూరంలోనే ఉన్న సొంత రిసీవర్‌లోకి చొరబడి దాన్ని చెవిటిదాన్ని చేస్తుంది. అందుకే మధ్యమధ్య జామర్‌ను క్షణకాలం ఆపి వినాలి. ఎక్కువసేపు ఆపితే రక్షణ పోతుంది, తక్కువసేపు ఆపితే కొత్త రాడార్ వచ్చిన సంగతే తెలియదు.

మూడోది రాడార్‌కు దొంగ లక్ష్యంలా కనిపించే చాఫ్, వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణులను దారి మళ్లించే ఫ్లేర్లు. 10 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. అందులో సగానికి, అంటే దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లకు కత్తిరించిన అల్యూమినియం పూత గాజు పోగులే చాఫ్. వెంట్రుక కన్నా సన్నగా ఉండే ఆ పోగులు గాల్లో పడగానే వేగం కోల్పోతాయి. వేగాన్ని కొలిచే డాప్లర్ రాడార్ వాటిని సులువుగానే పక్కన పెట్టేస్తుంది. అందుకే చాఫ్ వదలడం, విమానం మలుపు తిరగడం, జామర్ పనిచేయడం ఒకదానితో ఒకటి కలిసి జరగాలి.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వద్దాం. పై పనిలో కావలసింది మైక్రోవేవ్, యాంటెన్నాలు, సిగ్నల్ ప్రాసెసింగ్, ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్). కార్లలో పెట్టే 77 గిగాహెర్ట్జ్ రాడార్‌కు, 5జీ బేస్ స్టేషన్‌కు, ఉపగ్రహ సమాచార వ్యవస్థలకు, వాతావరణ రాడార్‌కు కావలసిందీ అదే చదువు. రక్షణ రంగంలో డీఆర్‌డీవోకు చెందిన హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్, బెంగళూరులోని డేర్ ప్రయోగశాలలు, ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఈ పనికి పెట్టింది పేరు. వైమానిక దళం కోసం కొత్తరకం చాఫ్‌ను డీఆర్‌డీవో జోధ్‌పూర్ ప్రయోగశాల, పుణేలోని మరో ప్రయోగశాలతో కలిసి తయారుచేసినట్టు 2021లో ప్రకటించారు. వీటికి విడిభాగాలు, మాడ్యూళ్లు చేసిచ్చే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. వీటిలో ఎక్కడా చోటు దొరకకపోయినా అమ్మాయి చేతిలో చదువు ఉంటుంది. ధైర్యంగా ఉండండి.

ఏఐ మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. ఈ రంగంలోనూ ఏఐ వాడుతున్నారు, ముఖ్యంగా రాడార్లను గుర్తుపట్టడానికి. కానీ నేర్పడానికి డేటా ఏది? ఏ దేశమైనా యుద్ధానికని దాచుకున్న రాడార్ పద్ధతులను శాంతికాలంలో బయటపెట్టదు. తెలిసిన రాడార్లతో నేర్చుకున్న మోడల్, ఎన్నడూ చూడని రాడార్ ఎదురైనప్పుడు 'తెలియదు' అనకుండా ఏదో ఒక పేరు ధీమాగా చెప్పేస్తుంది. పైలట్ ప్రాణం ఆ జవాబు మీద ఉంటుంది. ఆ తప్పును పట్టుకోవాలంటే పల్సు అంటే ఏమిటో తెలిసిన మనిషి కావాలి. సిగ్నల్స్ రానివాళ్లు ఆరు నెలల ఏఐ సర్టిఫికెట్‌తో ఈ పనికి పనికిరారు. సిగ్నల్స్ వచ్చినవాళ్లు ఏఐ తర్వాతైనా నేర్చుకోగలరు. అటు నుంచి ఇటు రావడమే కష్టం.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. 'వినడం లేదు' అని రాశారు. తనకు ఏ సబ్జెక్టు ఇష్టం, ల్యాబ్‌లో ఏం చేస్తోంది, ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది అన్నది ఒక్క ముక్కైనా రాయలేదు. అడిగి ఉంటే రాసేవారు. రెండో ఏడాదిలోనే ఇంత కచ్చితంగా ఒక పని పేరు చెప్పగలిగే పిల్లలు తక్కువ. మొండితనమని తోసిపుచ్చడం అన్యాయం.

ఇష్టం నిజమైనదో కాదో తేల్చుకోవడానికి తనకు ఆరు నెలలివ్వండి. పైథాన్‌లో 10 మైక్రోసెకన్ల పొడవు, 5 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఉన్న చర్ప్ పల్సు (ఫ్రీక్వెన్సీ క్రమంగా మారుతూ పోయే పల్సు) తయారుచేసి, ఆ పల్సు ఆకారాన్నే వెతికి పట్టే మ్యాచ్డ్ ఫిల్టర్ గుండా పంపమనండి. అదే పల్సుకు 2 మైక్రోసెకన్ల ఆలస్యంతో, ఎక్కువ బలంతో నకలు కలిపితే 300 మీటర్ల అవతల దొంగ లక్ష్యం లేస్తుంది. ఆ ఆలస్యాన్ని సున్నా నుంచి పల్సు పల్సుకూ కొంచెం పెంచుతూ, లక్ష్యాన్ని వెంటాడే రాడార్ ట్రాకర్‌ను పక్కకు లాగాలి. తొందరపడితే ట్రాకర్ జారిపోయి అసలు విమానం దగ్గరే ఉండిపోతుంది. నెమ్మదిగా లాగినా, దూరం మారే వేగం ఒకటి, డాప్లర్ చెప్పే వేగం ఇంకొకటి అయితే మోసం బయటపడుతుంది. ఈ రెండు తప్పులూ తనే చేసి, తనే దిద్దుకోవాలి.

తర్వాత యూఎస్‌బీకి తగిలించే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో రిసీవర్‌తో 1090 మెగాహెర్ట్జ్ దగ్గర పౌర విమానాలు పంపే సందేశాలను వినాలి. ప్రతి సందేశానికీ ముందు 8 మైక్రోసెకన్ల గుర్తు ఉంటుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాడకుండా దాన్ని సొంత కోడ్‌తో పట్టుకోమనండి. వినడం వరకే! సరదాకైనా జామర్ కట్టి గాల్లోకి సంకేతం వదలకూడదు, అది నేరం.

కష్టాలూ చెబుతాను. రక్షణ ప్రయోగశాలల్లో చేసిన పని బయట చెప్పుకోలేరు, రెజ్యూమెలో వివరాలు రాయలేరు. ఒక వ్యవస్థ ప్రయోగశాల నుంచి విమానం ఎక్కేసరికి ఏళ్లు పడతాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా ఉండవచ్చు. పోలిక అంతవరకే.

మూడో ఏడాది ఎలక్టివ్‌లు ఎంచుకునేలోపు ఆ ప్రోగ్రాం మీద తనకే విసుగు పుడితే, అప్పుడు ఏఐ మాట ఎత్తండి. ఈలోగా ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ దొంగ లక్ష్యం గ్రాఫ్‌లో ఎక్కడ లేచిందో చూపించమని అడగండి.